సీరియల్‌ను తిట్టండి, అత్తను కాదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంట్లో అత్త, మామ, మా ఆయన, పదమూడేళ్ళ పాప, నేను. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పేయడం నాకు అలవాటు. టీవీ దగ్గర ఆ అలవాటే కొంప ముంచింది. మా అత్త ముప్పై ఏళ్ళు మగ్గం నేసింది. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి గడప దాటదు. సాయంత్రం ఆరింటికి టీవీ ముందు కూర్చుంటే రాత్రి తొమ్మిదిన్నర దాకా లేవదు. వరసబెట్టి సీరియళ్ళే. మామకు న్యూస్ చానళ్ళ చర్చలు కావాలి. మా ఆయనకు కామెడీ స్కిట్లు. పాపకు డ్యాన్స్ షోలు. మొన్న పండక్కి ఆడబిడ్డ వాళ్ళు వచ్చినప్పుడు అందరూ కూర్చుని ఉండగా, 'ఈ చెత్త చూసేవాళ్ళకు అసలు బుర్ర ఉందా' అనేశాను. నేనన్నది సీరియల్‌ని. అత్త మాత్రం 'నాకు బుర్ర లేదని నలుగురిలో అంటివే' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటోంది. ఇక నేను నోరు మూసుకుని ఉండాలా? కేబుల్ తీసేయిస్తే గొడవ వదిలిపోతుందా? మీకు ఏ ప్రోగ్రాములు ఇష్టం, ఏవంటే అసహ్యం? దాచకుండా చెప్పండి. ఇంకో మాట. పాప టీవీ డ్యాన్స్ షో ఆడిషన్‌కు పోతానని పట్టుబట్టింది. పంపమంటారా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం:

అమ్మా,

కేబుల్ సంగతి ముందు తేల్చేస్తాను. తీసేయించొద్దు. గడప దాటలేని మనిషికి సాయంత్రం పూట నలుగురి ముఖాలు కనిపించేది ఆ టీవీలోనే. పైగా ఇంత జరిగాక కేబుల్ తీయిస్తే, మీ అత్తగారు దాన్ని సీరియళ్ళ మీద కోపం అనుకోరు, తన మీద కక్ష అనుకుంటారు. 

నోరు మూసుకోవాల్సిన పని కూడా లేదు. ప్రతి ఇంట్లో టీవీ గురించి గట్టిగా మాట్లాడే మనిషి ఒకరు ఉండాలనే నేను అంటాను. రోజుకు మూడున్నర గంటలు మన ఇంట్లో కూర్చుని మాట్లాడిపోయేవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో పట్టించుకోకపోతే ఎట్లా? మీ అభిప్రాయం మీరు చెప్పండి. అయితే పండగనాడు మీరన్న మాటను ఇంకోసారి చూసుకోండి. 'ఈ చెత్త' అన్నంతవరకు అది సీరియల్ గురించే. 'చూసేవాళ్ళకు బుర్ర ఉందా' అన్నాక అది సీరియల్ గురించి కాదు. ఎదురుగా కూర్చుని చూస్తున్నది మీ అత్తగారే కదా. ఆమె తప్పుగా వినలేదమ్మా, సరిగ్గానే విన్నారు.

నలుగురిలో అన్న మాటకు వంటింట్లో ఒంటరిగా సారీ చెప్తే సరిపోదు. మీ ఆడబిడ్డకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అత్తగారు వినేలా, మామగారు, మీ ఆయన పక్కనుండగా చెప్పండి. 'సీరియల్ నాకు నచ్చదు, అది ఇప్పుడూ అంటాను. నిన్ను అట్లా అనడం మాత్రం తప్పే అత్తా' అని. అభిప్రాయం మార్చుకోనక్కరలేదు. మాట వెనక్కి తీసుకోవాలి. రెండూ వేరు.

ఇక నా ఇష్టాయిష్టాలు. దాచకుండా అడిగారు, దాచకుండానే చెప్తాను.

సీరియళ్ళంటే నాకు పుట్టు కోపం లేదు. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు' వచ్చే రోజుల్లో మధ్యాహ్నం అంట్లు పక్కన పెట్టి టీవీ ముందు చేరిన ఆడవాళ్ళు ఎందరో. దాన్ని తీసిన మంజులా నాయుడే తర్వాత జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు' తీశారు. 2008 నుంచి 2013 దాకా నడిచిన 'మొగలిరేకులు'ను మగవాళ్ళు కూడా కూర్చుని చూశారు. అందులో హీరో ఆర్కే నాయుడు ఏం చేస్తాడో అని ఆఫీసుల్లో మాట్లాడుకున్నారు. వాటిలో సాగదీత లేదని అనను. కానీ మనుషులు మనుషుల్లా మాట్లాడుకునేవారు. ఒక పాత్ర తప్పు చేస్తే ఎందుకు చేసిందో తెలిసేది.

ఆ తర్వాత వచ్చినవాటిలో 'కార్తీకదీపం' గురించి తప్పకుండా మాట్లాడాలి. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. దాని మీద నాకు ఎంత ఇష్టం ఉందో అంత కోపమూ ఉంది. కథలో దీప అనే ఒక నల్లటి అమ్మాయి హీరోయిన్ అయింది. ఇంట్లోంచి బయటపడ్డాక ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా వంట చేసి బతికింది. అందుకే వంటలక్క అని ఊరూవాడా సొంతం చేసుకున్నారు. రంగు తక్కువని పెళ్ళిచూపుల్లో మాటలు పడ్డ ఆడపిల్లలు మన జిల్లాల్లో ఏ వీధిలో లేరు? వాళ్ళందరూ దీపలో తమను చూసుకున్నారు. మీ అత్తగారు ఆ సీరియల్ చూసి ఉంటే ఎందుకు చూశారో నాకు అర్థమవుతుంది.

కోపం ఎక్కడంటే, ఆ దీప పాత్రకు నల్లటి అమ్మాయిని తీసుకోలేదు. తెల్లగా ఉన్న నటికి నల్ల మేకప్ వేశారు. ప్రేమి విశ్వనాథ్ నటన బాగుంటుంది, ఆమెను ఏమీ అనను. కానీ నలుపు గురించి కథ చెప్తూ, నల్లటి అమ్మాయికి ఆ అవకాశం ఇవ్వకపోతే ఏమనుకోవాలి? రెండో కోపం దీప భర్త డాక్టర్‌బాబు మీద. విలన్ మోనిత ఆడిన అబద్ధం నమ్మి భార్యను అనుమానించాడు, పిల్లలు తన పిల్లలు కాదనుకున్నాడు. ఆయన స్వయంగా డాక్టరు. ఒక్క పరీక్షతో తేలిపోయే అనుమానం. దాన్ని ఏళ్ళ తరబడి నడిపించి, ఆ ఏళ్ళన్నీ ఆ ఆడమనిషితో కన్నీళ్ళు పెట్టించారు. ఆమె బాధ కథకు అవసరమైనంత వరకు ఉంటే నేనూ ఏడుస్తాను. బాధ ఆగిపోతే సీరియల్ ఆగిపోతుందన్న భయంతో పెంచుకుంటూ పోతే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ భయం ఎక్కడ పుడుతుందో కూడా చెప్తాను. టీఆర్పీ లెక్కలు వేసే బార్క్ సంస్థ దేశం మొత్తం మీద అరవై వేలలోపు ఇళ్ళలో మీటర్లు పెట్టి, వారం వారం లెక్కలు ఇస్తుంది. ఆ ఇళ్ళు ఏవో బయటికి చెప్పరు. ఆ లెక్క బాగుంటే ప్రకటనలు వస్తాయి. బాగున్న కథను ముగించడం అంటే చానల్‌కు నడుస్తున్న దుకాణం మూసుకోవడమే, అందుకే ఎవరూ ముగించరు. ఇందులో ఇంకో సంగతి ఉంది. మీటరు లేని ఇంట్లో ఎవరు ఏ బటన్ నొక్కినా ఆ లెక్కలోకి రాదు. 'నువ్వు చూడబట్టే ఇట్లాంటివి తీస్తున్నారు' అని పెద్దవాళ్ళను అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది న్యాయం కాదు.

నాకు చానల్ మార్చాలనిపించే సీన్ ఒకటి ఉంది. మీరూ చూసే ఉంటారు. ఒకావిడ 'ఆ బిడ్డ నీ బిడ్డ కాదు' అంటుంది. ఉరుము. ముందు భర్త ముఖం, దగ్గరికి, ఇంకా దగ్గరికి. తర్వాత అత్త ముఖం. తర్వాత తలుపు పక్కన నిలబడ్డ ఆడబిడ్డ. ఆ తర్వాత కాఫీ కప్పుల ట్రేతో మెట్ల మీద ఆగిపోయిన పనమ్మాయి. మళ్ళీ భర్త, ఈసారి నలుపు తెలుపులో. ఒక్కరూ నోరు తెరవరు. ప్రకటనలు వస్తాయి. అవి అయిపోయాక మళ్ళీ అదే మాట, అదే ఉరుము. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని నిబంధన ఉంది కాబట్టి అరగంటలో కథకు మిగిలేది ఇరవై చిల్లర నిమిషాలు. అందులో నిన్నటిది కొంత, రేపటిది కొంత, ఈ ముఖాలు కొంత. మధ్యలో ఆ పనమ్మాయి ఎవరో, ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో ఏ సీరియలూ చెప్పదు. ఆమె కథ ఎవరైనా తీస్తే నేను రోజూ చూస్తాను.

ఇంకా అసహ్యమైనది, ఉద్యోగం చేసే ఆడమనిషిని, జుట్టు కత్తిరించుకున్న ఆడమనిషిని చూడగానే 'ఇది విలన్' అని తెలిసిపోవడం. పాలలో విషం కలిపేది ఆడమనిషే, దొంగ కాగితాలు పుట్టించేది ఆడమనిషే. మగవాడు ఎంత తప్పు చేసినా అమాయకుడు, పక్కనున్న ఆడది చెప్పిన అబద్ధం నమ్మినవాడు. మీ పాప పక్కనే కూర్చుని ఇది చూస్తోంది. మీ కోపంలో న్యాయం ఉందని నేను అనేది ఇందుకే.

మీ అత్తగారి దగ్గరికి వద్దాం. సీరియల్ చూసే పెద్దవాళ్ళు ఎవరూ గమ్మున చూడరు. ఒకరోజు పక్కన కూర్చుని టీవీని కాకుండా ఆమె మాటలు వినండి. 'ఆ కాగితం తీస్కపోయి నేరుగా మొగునికి చూపియ్యరాదా, బీరువాలో దాస్తాదంట' అని ఆమే తిడుతూ ఉంటారు. మీరు తిట్టేదీ అదే. మగ్గం మీద ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషికి పోగు ఎక్కడ తెగిందో గుడ్డ చూస్తే తెలుస్తుంది, కథలో ఎక్కడ తెగిందో కూడా అట్లాగే తెలుస్తుంది. 'ఈ కథ నీ చేతికిస్తే ఎట్లా నడిపిస్తావు అత్తా?' అని అడగండి. పొగడ్త కోసం కాదు, నిజంగా తెలుసుకోవడానికి అడగండి. ఆమె చెప్పిన కథ టీవీలో కథకంటే బాగుంటుందని నా నమ్మకం.

మీ ఆయన చూసే స్కిట్ల సంగతి. 'జబర్దస్త్' 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైనప్పుడు నేను సంతోషించాను. పల్లెల నుంచి, చిన్న ఊళ్ళ నుంచి వచ్చిన మిమిక్రీ కుర్రాళ్ళకు అది అన్నం పెట్టింది. సినిమావాళ్ళ కొడుకులు కానివాళ్ళు కూడా టీవీలో స్టార్లు కావచ్చని చూపించింది. ఇప్పటికీ ఒక మంచి స్కిట్ పడితే ఇల్లంతా నవ్వుతుంది. అది కాదనను. కానీ ఎక్కువ స్కిట్లలో నవ్వు ఎవరి మీద? లావుగా ఉన్న భార్య మీద, నల్లగా ఉన్న మరదలి మీద, నత్తి ఉన్నవాడి మీద, ఆడవేషం వేసిన మగవాడి ఒంటి మీద చెయ్యి వేయడం మీద. 

బూతు టీవీతో పుట్టిందని నేను అనడం లేదు. మన నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు తెలుసు. రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు వచ్చి మాట్లాడే మాటలు చిన్నపిల్లల ముందు చెప్పుకునేవి కావు. అయితే బంగారక్క పడి ఉండే మనిషి కాదు, మాటకు మాట అప్పజెప్తుంది. వినేవాళ్ళు ఆమె పక్షానే నవ్వుతారు. ఇంకోటి కూడా గుర్తుచేసుకోవాలి. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలో, ఆడవాళ్ళనే స్టేజీ ఎక్కించిన సురభి నాటక సమాజం పుట్టింది మన కడప జిల్లాలోనే. 1885లో సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైంది. అంత వెనకటి రోజుల్లో ఆడవాళ్ళు గౌరవంగా నిలబడి నటించిన గడ్డ మనది. ఇక్కడి ఇళ్ళలోకి రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చే హాస్యంలో ఆడదాని ఒళ్ళే జోకు కావడం నాకు మింగుడు పడదు.

హాస్యం ఎట్లా ఉండాలంటే నేను 'అమృతం' పేరు చెప్తాను. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. గుణ్ణం గంగరాజు నిర్మించారు. అమృతవిలాస్ అని ఒక చిన్న హోటలు. అమృతరావు, అంజి, సర్వర్ సర్వం, ఇంటి ఓనరు అప్పాజీ. అమృతరావుకు రాత్రికి రాత్రి డబ్బున్నవాడు కావాలని ఆశ. ఏదో ఒక పథకం వేస్తాడు, అంజి వద్దు వద్దంటూనే వెంట పోతాడు, ఇద్దరూ బోర్లాపడతారు. నవ్వంతా ఆ ఆశ మీదే. గుండు హనుమంతరావు అంజిగా ముఖం వేలాడేసి నిలబడితే చాలు, ఒక్క మాట లేకుండా నవ్వు వచ్చేది. వాళ్ళ భార్యలు సంజు, శాంత తెలివైనవాళ్ళు. వాళ్ళ ఒంటి మీద, రంగు మీద జోకు వేసి నవ్వించాల్సిన అవసరం ఆ రాసినవాళ్ళకు రాలేదు. పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. మీ ఆయనతో స్కిట్లు మానమని గొడవ పడొద్దు. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఒక 'అమృతం' ఎపిసోడ్ పెట్టండి. మామగారూ, పాపా, అత్తగారూ కలిసి నవ్వే ప్రోగ్రామ్ ఇంకోటి చెప్పమంటే నాకు వెంటనే తట్టదు.

ఫోన్లో, స్మార్ట్ టీవీలో చూసే వీలుంటే ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన '90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' కూడా చూడండి. లెక్కల మాస్టారు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. మార్కులు, జీతం, అప్పుడప్పుడు ఒక చిన్న కోరిక. ఆరు ఎపిసోడ్లలో కథ ముగిసిపోతుంది. ముగింపు ఉన్న కథ చూసి ఎన్నాళ్ళయిందో అని మీ అత్తగారే అంటారేమో.

మామగారి న్యూస్ చర్చల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే వాటిలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగు కిటికీల్లో నలుగురు ఒకేసారి అరుస్తారు, గంట తర్వాత మనకు కొత్తగా ఒక్క విషయం తెలియదు. బీపీ పెరుగుతుంది. కానీ వార్తలు వేరు, చర్చలు వేరు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లి వైపు ఇళ్ళల్లోకి ఇసుక మేటలు వేసింది. ఆ బురదలోకి దిగి కెమెరా పట్టుకున్నవాళ్ళ వల్లే మిగతా రాష్ట్రానికి మన కష్టం తెలిసింది. ఆ పని చేసేవాళ్ళంటే నాకు గౌరవం. మామగారిని సాయంత్రం వార్తలు చూసి, చర్చ మొదలవగానే కట్టేయమని అడిగి చూడండి. ఆయనకు సేద్యం మీద ఆసక్తి ఉంటే పొద్దున్నే ఈటీవీలో వచ్చే 'అన్నదాత' లాంటివి ఉన్నాయి. విత్తనం, ఎరువు, ధర, పక్క జిల్లాలో ఇంకో రైతు చేసిన ప్రయత్నం. టీవీ వల్ల ఒక రైతుకు నాలుగు రూపాయలు మిగిలితే అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ నా సొంత బాధ ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. తెలుగు టీవీలో మన మాట ఎవరి నోట్లో పెడతారో గమనించారా? కత్తి పట్టుకున్నవాడి నోట్లో. మీసం మెలేసి, 'యాడికి పోతావ్ రా' అని అరిచేవాడి నోట్లో. స్కిట్‌లో సీమ అంటే సుమోలు, బాంబులు. సీరియల్‌లో సీమ నుంచి వచ్చిన పెదనాన్న అంటే పరువు కోసం కూతురిని చంపేవాడు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళు ఉన్నాయి, మగ్గాలు ఉన్నాయి, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని బడికి పోయే పిల్లలు ఉన్నారు. మీ అత్తగారు ఉన్నారు. ఆమె మాట్లాడే మాటతో, ఆమె వయసున్న హీరోయిన్‌తో ఒక్క సీరియల్ వచ్చిందా? 1963లో మొదలైన మన ఆకాశవాణి కడప కేంద్రం సీమ రచయితల కథలను, నాటికలను మన మాటలోనే వినిపించింది. రైతులతో వాళ్ళ యాసలోనే మాట్లాడించింది. ఒక రేడియో స్టేషన్ చేయగలిగిన పని ఇన్ని చానళ్ళు ఎందుకు చేయలేవు? చేయాలి. ఆ మాట అనాల్సింది మనమే.

అనడానికి దారి కూడా ఉంది. చానల్‌లో కింద స్క్రోలింగ్‌లో అప్పుడప్పుడు ఫిర్యాదు చిరునామా వస్తుంది, ఎవరూ చదవరు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మీరు ఫిర్యాదు రాస్తే చానల్ 15 రోజుల్లో తేల్చి మీకు జవాబు చెప్పాలి. ఆ జవాబు నచ్చకపోతే ఆ పైన చానళ్ళు కలిసి పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్ళవచ్చు. ప్రోగ్రామ్ పేరు, తేదీ, టైము, ఏ సీన్, ఎందుకు అభ్యంతరం, ఇంతే రాయాలి. తెలుగులోనే రాయండి. పండగనాడు అత్తగారి ముందు అన్న మాటను ఆ కాగితం మీద పెట్టండి, చేరాల్సిన చోటికి చేరుతుంది.

'బిగ్‌బాస్' గురించి అడుగుతారేమో. నేను చూడను. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టి, 2017లో తెలుగులోకి వచ్చింది. మనుషులను ఒక ఇంట్లో పెట్టి, బయటి ప్రపంచంతో తెంపేసి, కొట్లాడుకునేదాకా ఎదురుచూడటం నాకు వినోదంగా అనిపించదు. చూసేవాళ్ళతో నాకు తగవు లేదు. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' వచ్చినప్పుడు మాత్రం ఇష్టంగా చూశాను. చిన్న ఊరి నుంచి వచ్చిన మనిషి, నాగార్జున ఎదురుగా కూర్చుని, తనకు తెలిసిన ఒక్క ముక్కతో గెలవడం బాగుండేది. ఇంట్లో అందరం స్క్రీన్ కంటే ముందే జవాబు చెప్పాలని పోటీ పడేవాళ్ళం. పోటీదారు ఇంటి కష్టాలు చూపించి, వెనక ఏడుపు మ్యూజిక్ పెట్టినప్పుడే మనసు విరిగేది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'పాడుతా తీయగా'. ఈటీవీలో 1996లో మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరులో పోయేదాకా దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు, ఇప్పుడు వాళ్ళబ్బాయి చరణ్ నడుపుతున్నారు. పాత ఎపిసోడ్లలో బాలు గారు పిల్లలతో మాట్లాడే తీరు చూడండి. పాట అయిపోగానే ముందు బాగున్నది చెప్తారు. తర్వాత నెమ్మదిగా, 'ఇక్కడ ళ పలకాలి నాన్నా, ల పలికావు' అన్నట్టు సర్దుతారు. తానే ఆ లైను పాడి చూపిస్తారు, పిల్లతో మళ్ళీ పాడిస్తారు. ఆ పాట రాసినాయన గురించి, కట్టినాయన గురించి రెండు మాటలు చెప్తారు. ఆ పిల్ల ఓడిపోయి ఇంటికి పోయినా ఏదో నేర్చుకునే పోతుంది. చూస్తున్న మనకూ ఒక ముక్క తెలుస్తుంది.

మీ పాప ఆడిషన్ గురించి నేను ఆలోచించేది ఇక్కడి నుంచే. డ్యాన్స్ షోల్లో నాకు నచ్చనిది డ్యాన్స్ కాదు. పదేళ్ళ పిల్లకు ఐటం పాట పెట్టి, ఆ వయసుకు తగని బట్టలు వేసి, ఆ స్టెప్పులు వేయించి, జడ్జీలు ఈల వేయడం. తర్వాత అమ్మానాన్నలను స్టేజీ మీదికి పిలిచి ఏడిపించడం. ఎలిమినేషన్ పేరు చెప్పేముందు ఆ పిల్ల ముఖం మీద కెమెరా నిలబెట్టడం. ఇది నాకొక్కదానికే అనిపించింది కాదు. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ అన్ని ప్రైవేటు చానళ్ళకు సూచన పంపింది, డ్యాన్స్ రియాలిటీ షోల్లో పిల్లలను అసభ్యంగా, వయసుకు తగని రీతిలో చూపించవద్దని. 

అయినా పంపొద్దని అనను. పిల్లకు నిజంగా డ్యాన్స్ ఇష్టమైతే, 'టీవీ వాళ్ళు చెడ్డవాళ్ళు' అని ఆపేస్తే మీ మీద కోపం మిగులుతుంది, డ్యాన్స్ మీద ఇష్టం పోదు. కొన్ని సంగతులు ముందే అడిగి తెలుసుకోండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో షూటింగ్ చేయాలంటే 2017 నిబంధనల ప్రకారం నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, 3 గంటలు దాటితే మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వరుసగా 27 రోజులకు మించి షూటింగ్ పెట్టకూడదు. పిల్లకు డబ్బు వస్తే అందులో కనీసం 20 శాతం ఆమె పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. 'మీరు ఇవి పాటిస్తారా?' అని అడిగితే, నిజమైన సంస్థ ఏదీ చిరాకు పడదు. చిరాకు పడితే అక్కడికి పంపొద్దు. ఆడిషన్ ఫీజు అనో, రిజిస్ట్రేషన్ అనో, పోర్ట్‌ఫోలియో ఫోటోలు అనో ముందుగా డబ్బు కట్టమని ఫోన్ వస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. చానల్ పేరు చెప్పి మోసం చేసేవాళ్ళు ఇంతకంటే ఎక్కువ ఏమీ చేయనక్కరలేదు, ఆశపడ్డ తల్లిదండ్రులే పంపేస్తారు.

పాట, బట్టలు ఏవి అన్నది షో వాళ్ళు చెప్పకముందే ఇంట్లో తేల్చుకోండి. పాపతోనే మాట్లాడండి. ఏ స్టెప్పు వేయడం తనకు ఇబ్బందిగా ఉంటుందో తననే చెప్పనివ్వండి, అక్కడ 'ఇది నేను చేయను' అనగలిగే ధైర్యం ఇచ్చి పంపండి. ఎంపిక కాకపోతే ఏమవుతుందో కూడా ముందే మాట్లాడుకోండి. వచ్చినా రాకపోయినా ప్రొద్దుటూరులో డ్యాన్స్ క్లాసు మానిపించనని మాట ఇవ్వండి. తోడుగా మీరో మీ ఆయనో షూటింగ్ అయ్యేదాకా లోపలే ఉండేలా రాతపూర్వకంగా అడగండి. ప్రొద్దుటూరు నుంచి హైదరాబాదుకు రాత్రంతా బస్సు. ఆడిషన్ రోజు పొద్దున్నే దిగి నేరుగా లైన్లో నిలబడొద్దు. ఒకరోజు ముందే చేరుకుని పాపను బాగా నిద్రపోనివ్వండి.